ఫొటో కింద మాట

పెళ్లి ముచ్చట తీరకముందే అత్తగారు పోయారు. ఆవిడ బ్లాగు ఉన్న సైటు కూడా మూతపడుతోందని ఆ వెనకే కబురొచ్చింది. కుండీల్లో మొక్కల గురించి, వాటిని తినే పురుగుల గురించి, ఇంట్లోవాళ్ల గురించి ఆవిడ అందులో రాసుకునేవారు. చదవడానికి కొడుక్కి ఇంకా గుండె చాల్లేదు.

"నువ్వు దాచిపెట్టు. ఇద్దరం కలిసి చదువుదాం," అన్నాడు భార్యతో.

కలిసి అన్న మాటకే ఆమె పొంగిపోయింది. ఆఫీసులో పొద్దస్తమానం పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషతోనే ఆమె పని. మొదలుకీ చివరకీ గుర్తు చెబితే మధ్య రాతని కోసిచ్చే రెగెక్స్ ఒకటి రాసి, పేజీల్లోంచి రాత లాగేద్దామనుకుంది.

"రెగెక్స్‌తోనా?" అన్నాడు పక్క సీటు పెద్దాయన. ఆయన్ని అందరూ గురువుగారంటారు. "పేజీలో డబ్బాలో డబ్బా ఉంటుందమ్మాయ్. నీ రెగెక్స్ మొదట దొరికిన మూతే అసలు మూతనుకుని అక్కడే ఆగిపోతుంది. ఏ డబ్బాకి ఏ మూతో, పేజీ కట్టుబడిని చదివే పార్సర్ మాడ్యూల్‌కి తెలుస్తుంది."

"ఎలుక కోసం కొండ తవ్వమంటారా గురువుగారూ? ఒక్క లైను చాలు."

"పోనీ, పేజీలైనా ఉన్నవున్నట్టు దాచుకో."

కింద మొగుడి బండి హారన్ వినిపించింది. సరే సరేనంటూనే ఆమె మెట్లు దిగేసింది.

ఆ ఒక్క లైనూ రాసింది. పాత పేజీలు నాలుగు తెరిచి చూస్తే అక్షరం పొల్లుపోలేదు. పేజీలు దాచలేదు, వాటిలోంచి వచ్చిన రాతే దాచింది. సైటు మూతపడింది.

ఆదివారం ఇద్దరూ ఒకే దిండుకి ఆనుకుని చదవడం మొదలెట్టారు. గులాబీ మీది పురుగుని ఆవిడ తిట్టిన తిట్లకి పడీ పడీ నవ్వారు. తర్వాత్తర్వాత ఆవిడ ఫొటోలు పెట్టడం నేర్చుకున్నారు. అక్కణ్నుంచి ప్రతి పేజీ ఫొటో కింది పేరు దగ్గరే ఆగిపోయింది. ఆమె నవ్వు ఆరిపోయింది. ఫొటో ఉన్నది లోపలి డబ్బాలో. దాని మూత దగ్గరే రెగెక్స్ కోసేసింది.

చివరి పేజీ వచ్చింది. "కోడలు ఇంటికొచ్చింది. దీని గురించి ఒక మాట రాసుకోవాలి." కింద, ఫొటో పేరు: "గుమ్మంలో కోడలు." అంతే.

"మిగతాది?"

"నేనే పోగొట్టానండీ. గురువుగారు చెబుతూనే ఉన్నారు."

అతను ఆమె తల దగ్గరికి తీసుకున్నాడు. "నీ కూరలో ఉప్పు గురించే అయ్యుంటుందిలే."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "ఉప్పెక్కువైతే మొహానే అనేవారు. రాసుకోవాలనుకున్నారంటే అది కాదు."

ల్యాప్‌టాప్ తెర ఆరిపోబోతుంటే, ఆరనివ్వకుండా ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు.