ఎవరి పేరన ఈ మజ్జిగ

ఉప్పు బండి తోలే చెంచయ్య చలిపందిరి కిందికి వచ్చి చెయ్యి చాచాడు. కామాక్షమ్మ గ్లాసు నిండా మజ్జిగ పోసింది గాని, అతనికి ఇవ్వలేదు.

"ఇంతకీ మీ కోడలు పుట్టింటి నించి వచ్చినాదా?"

"వచ్చిందిలేమ్మా. గొంతెండిపోతా ఉంది, ముందు ఇటియ్యి."

"దానంతటదే వచ్చిందా, మీవోడు పోయి తెచ్చినాడా?"

"నేనే పోయినా. వాడికంత మొహం యాడుంది?"

అప్పుడు గ్లాసు ఇచ్చి, బల్ల మీద కూర్చోమంది. వియ్యంకుడి ఇంట్లో ఎంతసేపు బతిమాలవలసి వచ్చిందో, చివరికి వాళ్లు కోడిని కోసి ఎలా రాజీకి వచ్చారో చెంచయ్య చెప్పాడు. కథ బాగున్నందుకు రెండో గ్లాసు కూడా దొరికింది.

బండి కదిలిపోయాక, పందిరి వెనక నిలబడి ఇదంతా విన్న పద్మనాభయ్య ముందుకు వచ్చాడు. అతను కామాక్షమ్మకు మరిది. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన ఈ పందిరి అతని అన్న హజరత్తయ్య పేరన వెలిసింది. ఆయన పోయాక ఇది రెండో ఎండాకాలం.

"వదినా, మా అన్న పుణ్యం కోసం పోస్తుండావా, ఊళ్లో కబుర్ల కోసం పోస్తుండావా?"

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది.

"మా నాయన పందిరేస్తే వెదురుగొట్టం కట్టేవాడు. ఇవతల మనం పోస్తే అవతల దోసిలి పట్టుకొని తాగిపొయ్యేవాళ్లు. పేరడగడం, ఊరడగడం మన ఇంటా వంటా లేదు. నువ్వు గొట్టం పీకేసి బల్లేసినావు. కోడళ్ల సంగతులు విని పోసే మజ్జిగ మా అన్నకు ఒక్క చుక్క గూడా చేరదు."

అతను వెళ్లిపోయాడు. ఆ చివరి మాట మాత్రం పందిరి కిందే ఉండిపోయింది.

గొట్టానికి చీమలు పట్టాయని అందరికీ చెప్పింది కామాక్షమ్మ. చీమలు పట్టిన మాట నిజమే. కడిగితే పోయేవన్న మాటా నిజమే. గొట్టానికి అవతల ఉన్నది మనిషి కాదు, రెండు అరచేతులు. ఆ చేతులతో ఏం మాట్లాడుతుంది? హజరత్తయ్య పోయాక ఇంట్లో తన అడుగుల చప్పుడే తనకు వినపడేది. "ఎంత దయ తల్లీ నీది" అని దారిన పోయేవాళ్లు అంటే కాదనలేదు. ఆ దయను ఈ రోజు కాస్త పక్కకు జరిపి చూసుకుంటే, దాని కింద ఒక ఆకలి కనిపించింది. మజ్జిగ పోస్తూ భర్తను ఎప్పుడైనా తలచుకుందా? నిజాయితీగా వెతికింది. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆయన ఎక్కడో ఎండలో నిలబడి ఎదురుచూస్తున్నట్టు అనిపించి భయం వేసింది.

మర్నాడు బల్ల ఇంట్లో పెట్టించింది. మనసులో భర్త పేరు అనుకుంటూ, నోరు మూసుకుని పోసింది.

"జొరమా అమ్మా?" అన్నాడు రోజూ ఆ దారిన పొయ్యే చిన్నపోలయ్య.

తల అడ్డంగా ఊపింది.

"మరి పన్నునొప్పా?"

చేపల గంపలవాళ్లు నిలబడే తాగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, గంపలు ఎత్తుకున్నారు. కుండ ఎప్పటికంటే ముందే ఖాళీ అయింది. ఇంత శుద్ధమైన ధర్మం ఆమె ఏనాడూ చెయ్యలేదు. ఇంత చప్పటి రోజూ గడపలేదు.

పొద్దు వాలేవేళ, పల్లెలు తిరిగి కాన్పులు చేసే రెబెక్కమ్మ వచ్చి బల్ల కోసం చుట్టూ చూసింది.

"బల్లేదక్కా?"

కామాక్షమ్మ అంతసేపూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేసింది. రెబెక్కమ్మ శ్రద్ధగా విని, చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి చూపించింది. సగానికి పైగా ఉంది.

"నాకు దాహమని ఎవురు చెప్పినారు?"

"మరి రోజూ దేనికొస్తావే?"

"కూర్చునేదానికి. గొట్టాలు కట్టిన పందిళ్లు చిన్నప్పటి నించి చూస్తానే ఉండా. నీళ్లు పోసినారు, కాదన్ను. నా మొహం మాత్రం ఎవురూ చూడలా. నువ్వు దేనికోసం అడిగినావో నాకెందుకక్కా? మా అమ్మ మోకాలు ఎట్టుందని అడిగినావు."

"అయితే మా ఆయనకు పుణ్యం పోతుందా, పోదా?"

"నన్నడిగితే ఎట్టా? మీ పుణ్యాల సంగతి నాకేం తెలుసు?"

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఇంటికి వెళ్లి ఇద్దరూ చెరో వైపు పట్టుకుని బల్ల తెచ్చారు. దాన్ని దించుతుండగానే పద్మనాభయ్య వచ్చాడు.

"మళ్లీ బల్లా?"

"కూర్చో అబ్బయ్యా."

అతను కూర్చోలేదు.

"రేపటి నించి ఈ పందిరి మీ అన్న పేరన కాదు," అంది కామాక్షమ్మ. "నాకు మనుషులు కావాల, అందుకు పోస్తుండా. దీన్ని ధర్మమని ఎవురన్నా అంటే కాదని నేనే చెబుతా. మీ అన్న పుణ్యం నువ్వు చూసుకో. నువ్వు ఆయనకు తమ్ముడివే గదా. పెరుగు తోడేసి, గొట్టం కట్టి, మిట్టమధ్యాహ్నం నోరు మూసుకొని కూర్చో."

పద్మనాభయ్య ఖాళీ మజ్జిగ కుండ వైపు చూశాడు. అన్న పుణ్యం మీద తన పట్టుదల అంతా వదిన పెరుగుతోనే ఇన్నాళ్లూ సాగిందని అతనికి అప్పుడే తట్టినట్టుంది. "మా ఇంట్లో పాడి తక్కువ," అని గొణిగి, కండువా దులుపుకుని నడిచాడు.

కామాక్షమ్మకు ఒక పక్క తేలికగా ఉంది. ఇంకో పక్క, భర్త చేతిని తనే వదిలేసినట్టు బెంగగా ఉంది. రెబెక్కమ్మ బల్ల మీద జరిగి చోటిచ్చింది.

"అక్కా, మీ ఆయన ఎట్టాంటి మనిషి?"

ఈ రెండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఊరందరి సంగతులూ అడిగిన కామాక్షమ్మ, తన వంతు వచ్చేసరికి తడబడింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. ఆయన మొలగొలుకుల వడ్లను పంటి కింద కొరికి, అవి ఏ చేలో పండాయో చెప్పేవాడట. నిద్రలో పాటలు పాడేవాడట. ఉన్నట్టుండి ఆగి, చేత్తో నోరు మూసుకుంది.

"ఏమైందక్కా?"

"ఆయన మజ్జిగ తాగేవాడే కాదే. తెల్లరంగు నీళ్లని, గ్లాసు పక్కకు నెట్టేవాడు. ఇప్పుడే గుర్తొచ్చింది."

రెబెక్కమ్మ నవ్వి నవ్వి బల్ల పట్టుకుంది. కామాక్షమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ, తర్వాతి సంగతి చెప్పసాగింది.