కొల్లేటి రోడ్డు మీద ఇద్దరు బావగార్లు

ఆఁ, హలోనండీ, వినపడుతోందా, అందరూ కులాసాయే కదా, చేతిలో టీ ఉంటే తాగుతూనే వినండి, మా ఏలూరు పెద్దమనిషి ఒకాయన బుర్రలో ఓ ఆదివారం పొద్దున తిరిగిన సంగతులండీ ఇవి, ఆయన సైకిలు మీద ఉన్నాడు, మనం ఆయన బుర్రలో కూర్చుందాం, సరేనా.

బావగారూ అనే అన్నాడు, పొరపాటేం లేదు, శ్రీరంగనాయకులు రెండు చెవులతోనూ విన్నాడు, శ్రీపర్రు దాటాక మలుపులో నదీమ్ మెడ వెనక్కి తిప్పి, గుంట ఉందండీ బావగారూ చూసుకోండి అన్నాడు, అబ్బ నామీద ఎంత ఇదో అనుకుని తను హ్యాండిల్ పక్కకి లాగేలోపే, మధ్యలో ఉన్న హేమంత్‌కుమార్, చూశాను బావగారూ అని పలికాడు, అంటే ఆ పిలుపు తనకి కాదన్నమాట, తొమ్మిదేళ్ళుగా ఈ కొల్లేటి రోడ్డు మీద ప్రతి ఆదివారం తను ఒక్కడే అందుకున్న పిలుపు, పూజాసామాన్ల కొట్టు శ్రీరంగనాయకులుకీ పరదాల కొట్టు నదీమ్‌కీ ఎక్కడి చుట్టరికం, పక్కపక్క కొట్లు, షట్టరెత్తేటప్పుడు ఒకళ్ళకొకళ్ళు చెయ్యేసుకోవడంలో పుట్టిన వరస అది, దాన్ని తీసుకెళ్ళి మొన్న మొన్న బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరుకి ఇచ్చేస్తాడా, వరసంటే గుళ్ళో పులిహోరా, చెయ్యి చాపిన ప్రతివాడికీ ఆకులో పెట్టడానికి, పైగా ఆ పెద్దమనిషి ఉన్నచోటు చూడు, నదీమ్ వెనక చక్రానికి మూరెడు దూరంలో, సరిగ్గా తను ఉండేచోట, మిడతలాంటి ఆ సన్నటైర్ల సైకిలేసుకుని, ఖరీదెంతండీ అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు, చెప్పినా మనం కొనలేమనేగా ఆ నవ్వు, ఇంట్లో విజయకుమారి పొద్దున్నే ఫ్లాస్కులో నీళ్ళు పోస్తూ, ఏవండీ, మీకో సవతొచ్చిందండీ, అదీ ప్యాంటేసుకుని, అని పకపకా నవ్వింది, నవ్వదూ మరి, ఆవిడకేం పోయింది.

రోడ్డు మాత్రం ఏం మిగిలింది గనక, ఒకప్పుడు చలికాలం ఆదివారమంటే ఈ దారిలో తామిద్దరూ, కైకలూరు నుంచి ఐసు కారుకుంటూ వచ్చే చేపల వ్యాన్లూ, అటూ ఇటూ నీళ్ళూ, నీళ్ళ మీద తెల్లగా గూడబాతులూ, అంతే, ఇప్పుడు బెజవాడ కార్లు, భీమవరం కార్లు, తాడేపల్లిగూడెం నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన ఆడవాళ్ళ బృందం ఒకటి, అందరికీ ఒకే రంగు చీర, గట్టు మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి, దాని పక్కన నూడుల్స్ బండి, కొల్లేరొచ్చి నూడుల్స్ తినేవాళ్ళని ఏమనాలి, అదిగో ఎర్రగౌనులో కాబోయే పెళ్ళికూతురు రోడ్డు మధ్య నిలబడి చేతులు చాపింది, కెమెరా కుర్రాడు, అంకుల్ సైకిళ్ళు ఒక్క నిమిషం ఆపండి ఫ్రేములోకి వస్తున్నారు అంటాడు, ఎవరి రోడ్డురా ఇది అని అరుద్దామనుకున్నాడు శ్రీరంగనాయకులు, నోరు తెరిస్తే మాత్రం, కాస్త జరుగుతారాండీ అనే వచ్చింది, ఏలూరు నోరు, తిట్టుకి కూడా అండీ తగిలిస్తుంది, వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తియ్యడు, నెత్తి మీద డ్రోను జోరీగలా తిరుగుతోంది, దానికి బెదిరి గూడబాతులు లేచి అవతలి చెరువులో వాలాయి, వాటికైనా అవతలో చెరువుంది.

అంతా ఆ వీడియో తెచ్చిన తంటా, హేమంత్‌కుమార్ తీసిందే, పొద్దుటి మంచులో నదీమ్ సైకిలు తొక్కుతూ వస్తుంటాడు, తెల్లగడ్డం, మెళ్ళో ఆకుపచ్చ మఫ్లరు, వెనక పక్షులు లేస్తాయి, కింద కొల్లేటి అంకుల్ అని రాశాడు, లక్షలమంది చూశారట, మరి ఆ రోజు తనెక్కడున్నాడు, వెనకే ఉన్నాడు, వీడియోలో నదీమ్ భుజం మీంచి ఒక హెల్మెట్ అంచు కనపడుతుందే, అది శ్రీరంగనాయకులు, విజయకుమారికి వేలు పెట్టి చూపిస్తే, ఏదండీ, అది బుడగేమో అనుకున్నా అంది, అప్పట్నుంచీ రోడ్డు మీద నదీమ్‌ని పదిమంది ఆపుతున్నారు, ఇందాకా అంతే, కారు దిగి నలుగురు పిల్లలు, అంకుల్ మీరే కదా, ఒక్క సెల్ఫీ అంకుల్ అన్నారు, నదీమ్ సిగ్గుపడిపోతూ మఫ్లరు సర్దుకుని, మా బావగారు కూడా ఉన్నారండీ అన్నాడు, తను ఒకడుగు ముందుకేశాడు, ఆ అమ్మాయి ఫోను తెచ్చి తన చేతిలోనే పెట్టింది, కొంచెం మీరు తీస్తారా అంకుల్, ఫోన్ అడ్డంగా పట్టుకోండి అంది, పట్టుకున్నాడు, తీశాడు, నదీమ్, హేమంత్‌కుమార్, నలుగురు పిల్లలు, ఫోటోలో అందరి పళ్ళూ బాగానే పడ్డాయి, సొంత పెళ్ళికి వెళ్ళి వడ్డన చేసొచ్చినట్టుంది.

ఇక చాలు, నిన్ననే అనుకున్నాడు, ఇవాళ గట్టిగా అనుకున్నాడు, నదీమ్ గారూ వచ్చే ఆదివారం నుంచి నేను రావట్లేదండీ, మోకాలు నొప్పిగా ఉంటోంది, అంతే, ఆ ఒక్క ముక్కా పళ్ళ వెనక సిద్ధంగా పెట్టుకున్నాడు, పెదయెడ్లగాడి వంతెన దగ్గర ఎప్పట్లాగే ఆగుతారు, నీళ్ళు చూస్తారు, అప్పుడు చెప్పేసి రావడమే, మోకాలు మాట ఒక్కటే అబద్ధం, తక్కినదంతా నిజం, కానీ వంతెన దగ్గరికి చేరితే చెప్పడానికి చోటేదీ, బస్సుకి ఎదురు బస్సొచ్చి ఇరుక్కుంది, కార్లు మూడు వరసలు కట్టాయి, అందరూ దిగి అందరికీ దారి చెబుతున్నారు, రివర్స్ రివర్స్ అంటాడొకడు, వెనక నా కారుందయ్యా అంటాడింకొకడు, ఆ గోలలో నదీమ్ అవతలి రెయిలింగు దగ్గర, హేమంత్‌కుమార్ భుజమ్మీద చెయ్యేసి, నీళ్ళలోకి వేలు చూపించి ఏదో చెబుతున్నాడు, ఏం చెబుతున్నాడో తనకి తెలుసు, అదిగోండీ ఆ పెద్దముక్కుదాన్ని చూడండి, మన మునసబు గారిలా లేదూ, అంటుంటాడు, అదీ తనకి చెప్పిన జోకే, తన జోకు కూడా ఇచ్చేశాడు, శ్రీరంగనాయకులు గిరుక్కున సైకిలు తిప్పాడు, రెండు కార్ల అద్దాల మధ్యనుంచి ఒంటిని పక్కకి వంచి జారుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు, ఎవరూ చూడలేదు, చూడకపోవడంతో ఇంకా మండింది.

ఏలూరు వైపు రోడ్డు ఖాళీ, అందరూ వంతెన దగ్గరే ఇరుక్కుపోయారుగా, ఎన్నాళ్ళకి దొరికిందో ఇలా, నేనొక్కణ్ణే, నా రోడ్డు, వెతుక్కోనీ, కంగారు పడనీ, అనుకుంటూ నాలుగు తొక్కులు తొక్కాడో లేదో సైకిలు బరువెక్కింది, ఇదేంటి, ఎవరో వెనక క్యారేజీ పట్టుకు లాగుతున్నట్టుంది, బ్రేకు పట్టేసిందేమో, దిగి చూశాడు, పట్టలేదు, టైరు నొక్కాడు, రాయిలా ఉంది, మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ అంతే, తొడలు పట్టేస్తున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఏడవట్లేదు బాబూ నేనేం ఏడవట్లేదు, మోకాలు మాట అబద్ధమన్నానని నిజంగానే నొప్పి వచ్చిందా ఏంటి, వాడు, ఆ హేమంత్‌కుమార్, సెల్ఫీలప్పుడు నా సైకిలుకేమైనా చేశాడా, ఛ, బ్యాంకు మేనేజరు అలాంటి పని చేస్తాడా, చేస్తే మాత్రం, చేసి ఉంటే బాగుండును, ఒక కారణం దొరికేది, గొలుసు చూశాడు, బేరింగు తిప్పి చూశాడు, చక్రం గిర్రున తిరిగింది, సైకిలులో ఏ రోగమూ లేదు.

తాటాకు పాకలో టీ కాచే రత్నమాణిక్యం చూస్తూనే ఉంది, ఏవండీ, పంచరా, అంది, కాదమ్మా, సైకిలు కదలట్లేదు, ఏంటో పట్టేసింది అన్నాడు, ఆవిడ గాలికి ఆరిపోకుండా పొయ్యికి అడ్డం పెట్టిన రేకు సర్దుతూ, సైకిలుదేముందండీ, గాలికి ఎదురెళ్తున్నారు మరి, అంది, ఇవాళేంటమ్మా ఇంత గాలి అన్నాడు, ఇవాళేంటండీ, ఈ కాలమంతా ఈ గాలేగా, ఎప్పుడూ ఇటే వెళ్తారుగా మీరిద్దరూ, తెలీదేంటి, అంది, తెలీదేంటి అని మామూలుగానే అంది పాపం, శ్రీరంగనాయకులు టీగ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు, రేకు టపటపా కొట్టుకుంటోంది, గడ్డిపరకలన్నీ తనవైపే వంగి ఉన్నాయి, వచ్చేటప్పుడు వీపున తోసింది కాబట్టి ఇదంతా నా కాళ్ళ సత్తా అనుకున్నాడు, సరే, తిరిగి వెళ్ళేటప్పుడో, తొమ్మిది చలికాలాలు తిరిగి వెళ్ళాడే, ఎప్పుడూ ఇలా లేదే, హాయిగా కబుర్లు చెప్పుకుంటూ, కబుర్లు చెప్పింది తను, నదీమ్ ఆఁ ఊఁ అనేవాడు, ముందు తొక్కుతూ, తలొంచుకుని, మఫ్లరు చెవులకి చుట్టుకుని, ఈయనకి ఎప్పుడూ ముందుండాలనే యావ అని లోపల్లోపల కుళ్ళుకునేవాడు తను, అప్పుడు కూడా కుళ్ళుకున్నాడు, హేమంత్‌కుమార్ అనేవాడు ఇంకా ఊళ్ళోకి రాకముందే.

బావగారూ, అని కేక, నదీమ్ ఒక్కడే వస్తున్నాడు, మఫ్లరు జారిపోయింది, మొహం ఎర్రగా కంది ఉంది, చెప్పాపెట్టకుండా వచ్చేశారేంటండీ, వంతెన మీద కార్లన్నీ వెతికానండీ, బస్సు కింద కూడా వంగి చూశాను, ఒంట్లో బాగానే ఉందా, అన్నాడు, మేనేజరు గారేరండీ అంటే, ఏమో, హేమంత్ గారు ఆగమన్నారు, నాకు కాళ్ళాడలేదండీ, అని నిలబడే టీ తాగేసి సైకిలెక్కి, తన ముందుకొచ్చి నిలబడ్డాడు, అలవాటు కొద్దీ, శ్రీరంగనాయకులు పళ్ళ వెనక దాచిన ముక్క తీద్దామని నోరు తెరిచాడు, ఆగండి నదీమ్ గారూ, ఇవాళ నేను ముందుంటాను, అని వచ్చింది, మీకెందుకండీ, గాలండీ బాబూ, అన్నాడు నదీమ్, నాకు తెలీదేంటండీ, అని కసిరి ముందుకొచ్చేశాడు, తొక్కుతున్నాడు, గాలి గుండెలకి తగులుతోంది, చెవుల్లో హోరు, వెనకనుంచి నదీమ్ ఏదో చెబుతున్నాడు, అవతల చెరువులో పక్షుల సంగతి, బావగారూ వింటున్నారా అంటున్నాడు, ఆఁ ఊఁ అంటున్నాడు శ్రీరంగనాయకులు, అంతకుమించి ఊపిరి రాదు, ఆ పిలుపు ఆయన ఎంతమందికైనా ఇచ్చుకోనీ, ఇప్పటికీ కాస్త మండుతుంది, మండనీ, కానీ ఈ రోడ్డు మీద గాలుందనే సంగతి తొమ్మిదేళ్ళుగా తనకి తెలియలేదు, తెలియకుండా చేసినవాడు ఇప్పుడు వెనకున్నాడు.

అదండీ సంగతి, మీకూ ఎవరో ఒకరు ముందుండి గాలికి అడ్డం కాసినవాళ్ళు ఉండే ఉంటారు, ఇది వాళ్ళకి పంపండి, పంపి ఊరుకోకుండా ఒక ఫోను కూడా చెయ్యండి, ఉంటానండీ.