ఖాళీ చెయ్యి

...దొరకనీ, ఆ క్లిప్పు పళ్ళతోనే తీసినదాని మొహం గీరేస్తాను, నల్ల క్లిప్పు, అరచెయ్యంత ఉంటుంది, ఒక పన్ను విరిగింది, నా జుట్టు లావుకి అదొక్కటే ఆగుతుంది, పోయి నాలుగు రోజులైంది, పొద్దున మళ్ళీ ఇల్లంతా తిరగేశాను, మరదల్ని నిలదీస్తే నాకేం తెలుసు వదినా అంటూ సబ్బు నురగ చేతులతో నంగనాచిలా నిలబడింది, తమ్ముడేమో ఒక్క క్లిప్పుకి ఇంత గోలేంటక్కా అని పెళ్ళాన్ని వెనకేసుకొచ్చాడు, వాడికీ రెండు తగిలించాల్సింది, ఇప్పుడు జుట్టంతా మెడ మీద పాకుతోంది, చిరాకు, ప్రెస్ కింద రేకు పెట్టు, చేతులు బయటికి తియ్యి, కుడి బటన్, ఎడమ బటన్, రెండూ కలిపి నొక్కు, ధన్, డబ్బా మూత ఒకటి తయారు, తీసి బుట్టలో పడెయ్యి, మళ్ళీ రేకు, ధన్, ఆ దెబ్బకి దవడలు కదులుతాయి, ఆ దెబ్బ కింద ముందు ఎవడి తల పెడదామా అని ఆలోచిస్తున్నా, ముందు ఆ క్లాసు పీకినాయనదే.

టై కట్టుకొచ్చాడు మహానుభావుడు, ప్రెస్ ముందు ఒక్క పూట కూర్చున్న మొహం కాదు, పనిలో వేగం పెంచుకోవడం ఎలాగో మాకు నేర్పాడు, ఒక చెయ్యి పని చేస్తుంటే రెండోది ఏం చేస్తోందో మిమ్మల్ని మీరే అడగండి అన్నాడు, నా రెండోది నీ చెంప వెతుకుతోంది నాయనా అని నోటిదాకా వచ్చింది, పోతూ పోతూ గోడకి అట్ట తగిలించాడు, ఖాళీ చెయ్యి కంపెనీకి బరువు అని, ఒరే, రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే ప్రెస్ దిగేలా చేసింది ఎందుకురా, చెయ్యి లోపలుండగా దాని నోరు మూసుకోకూడదనే కదా, ధన్, ఆ అట్ట నీ గొంతులో కుక్కాలి, ధన్.

గుండు సూపర్వైజరైతే ఇంకా నయం, సూటిగా చెప్పాడు, శనివారానికి అందరికన్నా తక్కువ మూతలు ఎవరివైతే వాళ్ళు ఇంటికే అన్నాడు, మొన్నటిదాకా అడుగున ఉన్నది నేనే, ఈ మధ్యే కాస్త పైకొచ్చా, ఎలా వచ్చానో నాకే తెలీదు, క్లాసు బాగా వంటబట్టిందే నీకు, ఇంకాస్త పక్క మెషిన్లో మీ మరదల్ని చూసి నేర్చుకో అన్నాడు, అందరి ముందూ, దాన్ని చూసి నేను, దాని అచ్చుకి ఎక్కడో గీత పడింది, అది కొట్టిన ప్రతి మూత అంచునా గోటితో గీసినట్టు ఉంటుంది, నావి నున్నగా ఉంటాయి, అయినా పేరు దానికే, నన్ను పంపేస్తే తమ్ముడింట్లో తిని కూర్చోవాలి, మా ఆయన పోయాక నా తిండి నేనే తెచ్చుకుంటానని చెప్పి మరీ ఆ గడప తొక్కాను, అది అన్నం పెడుతుంది, ఒక్క మాటా అనదు, ఆ అనకపోవడమే నన్ను చంపుతుంది, అంతకన్నా ఈ ప్రెస్ కింద తల పెట్టడం మేలు.

రేకుల కట్ట కోసం పక్కకి వంగాను, దాని మెషిను, ఎడమ బటన్, బటన్‌కీ దాని చుట్టూ ఉన్న ఇనప చట్రానికీ మధ్య, బటన్ పైకి లేవకుండా ఇరికించి ఉంది నల్లగా, విరిగిన పన్ను నావైపే, నా క్లిప్పు, దొంగముఖందానా, నాకేం తెలుసు వదినా అంటావా, లేచాను, సీట్లోంచి లేస్తే గుండు అరుస్తాడు, అరవనీ, చెంప పగలగొడతాను, అందరి ముందూ పగలగొడతాను, నన్ను చూసింది, దొరికిపోయిన మొహం, కళ్ళు నా మీదే ఉన్నాయి, కుడి చెయ్యి అలవాటుగా బటన్ మీదికి దిగుతోంది, ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి లోపల ఉంది, ఓసి పిచ్చిముండా, జడ దొరికింది, చెంప కోసం ఎత్తిన చేతికి జడే దొరికింది, ఉన్న బలమంతా పెట్టి లాగాను, ధన్.

కింద పడింది, నా బుట్ట అంచుకి నుదురు కొట్టుకుంది, బుట్ట దొర్లి మూతలన్నీ నేల మీద, వాటి మీద రక్తం, చెయ్యి ఏదీ, ఉంది, వేళ్ళు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, గుండు పరిగెత్తుకొచ్చాడు, కుళ్ళుతో చంపేస్తోంది, లాగండి దాన్ని అంటున్నాడు, ఎవరో నా భుజం గుంజుతున్నారు, ఎవరో వీపు మీద గుద్దారు, గుద్దనీ, కొట్టడానికే వచ్చాను, వాళ్ళన్నది అబద్ధమేం కాదు, ఈ మూత నాదే, ఇది, దీనికి గీత ఉంది, దీనికీ ఉంది, ఇది నా బుట్టే కదా, రెండు మెషిన్ల మధ్య ఉండేది, నావైపుది, ఇదీ గీతే, ఇదీ, నున్నటివి వెతుక్కోవాల్సి వస్తోంది.

వదినా, జడ వదులు, నొప్పిగా ఉంది అంటోంది పిల్ల, వదలాలనే ఉంది, పిడికిలి విచ్చుకోవడం లేదు, రెండో చెయ్యి ఏం చేస్తోందో అడగమన్నాడు ఆ టై ఆయన, దీన్ని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, క్లిప్పు గురించే అడిగాను, ఇన్నాళ్ళూ నేను పక్కకి తిరిగినప్పుడల్లా దీని ఎడమ చెయ్యి నా బుట్ట నింపుతూ ఉంది.