యాదయ్య ఓట్స్ తాగిన మూడు వారాలు

ఓట్స్ ఎట్లా కాచాలో నాకు నేర్పడానికి సిల్వియా పక్కింటి నుంచి కాగితం రాసుకుని మరీ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పొయ్యి ముందర నిలబడ్డ దాన్ని నేను. పెండ్లిళ్ళలో రెండు వందల మందికి పప్పు వండి దించిన దాన్ని. ఈ పిల్ల నిన్నమొన్నటి దాకా మా ఇంటికి గిన్నె పట్టుకొచ్చి పచ్చిపులుసు పోయించుకుపోయేది. ఇప్పుడు దవాఖానలో నర్సయింది కదా, ఈ కొండమ్మకే నీళ్ళు కాగబెట్టడం నేర్పిస్తుంది.

“ఒక గిన్నె ఓట్స్, రెండు గిన్నెల నీళ్ళు, చిటికెడు ఉప్పు. ఐదు నిమిషాలు ఉడికిస్తే అయిపోతది పెద్దమ్మా. చక్కెర వద్దు, బెల్లం గూడ వద్దు. పొద్దున గిదే, రాత్రి గిదే. పగటి పూట రెండు జొన్నరొట్టెలు, కూర.”

“గింతేనా? గీ ముచ్చటకు కాగితం ఎందుకు బిడ్డా” అన్నాను.

“మర్చిపోతరేమోనని.”

మర్చిపోవడానికి అందులో ఏముంది కనుక. ఉప్పు, నీళ్ళు, పొట్టు. మా ఇంట్లో బర్రెకు కుడితి కలపడానికి కూడా ఇంతకంటే ఎక్కువ సామాను కావాల్సి వచ్చేది.

ఇదంతా మా ఆయన యాదయ్య కోసం. ఎయిర్‌పోర్టు లోపల జనాన్ని విమానం మెట్ల దాకా తీసుకుపోయే బస్సులు ఉంటాయి కదా, అందులో ఒకటి నడుపుతాడు. పద్నాలుగేళ్ళ నుంచి అదే పని. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ “ఇయ్యాల రెండంతస్తుల విమానం పక్కనుంచి పోయిన” అని చెబుతాడు, తానే ఎగిరి వచ్చినట్టు. నేను మూతి తిప్పుకుంటాను గానీ, చెప్పని రోజు నేనే అడుగుతాను. వాళ్ళకు ఏడాదికొకసారి ఒంటి పరీక్ష చేస్తారు. ఈసారి పరగడుపున షుగర్ నూట తొంభై వచ్చింది. మూడు వారాలు గడువిచ్చారు. అప్పటికీ తగ్గకపోతే లోపలి పాస్ తీసేసుకుని, బయట పార్కింగులో ట్రాలీలు తోసే పనికి పంపిస్తారట. ఆ చెప్పిన డాక్టరుకు మీసాలు కూడా సరిగ్గా రాలేదన్నాడు యాదయ్య. చెబుతున్నంతసేపూ మెడలోని పాస్‌ను వేళ్ళతో తిప్పుతూనే ఉన్నాడు.

ఓట్స్ పాకెట్ తెచ్చాడు. దాని మీద ఒకామె చెంచా నోటి దగ్గర పెట్టుకుని ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతోంది. తిన్నాక తీసిన ఫొటో అయితే కాదు.

మొదటి రోజు కడిగాను. కడగకుండా పొయ్యి మీద ఏదీ పెట్టను నేను, అది నాకు మా అమ్మ నేర్పిన పద్ధతి. బియ్యమైతే మూడో నీళ్ళకు తేటపడతాయి. ఇవి కడిగిన కొద్దీ పాలు కారుతూనే ఉన్నాయి. నాలుగోసారి వంచేసరికి గిన్నె అడుగున పిడికెడు జిగురు మిగిలింది. గోడ అవతలి నుంచి చూసి సిల్వియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“దాన్ని కడుగరు పెద్దమ్మా.”

“కడుగకుండ తినుడు మీ దవాఖానల నేర్పిన్రా” అన్నాను. అయినా మళ్ళీ కొత్తగా కొలిచి, కడగకుండానే వేశాను. కాగితంలో ఉన్నట్టే ఐదు నిమిషాలు ఉడికిస్తే యాదయ్య స్నానం చేసి వచ్చేలోగా బిగుసుకుపోయింది. గోడకు పోస్టర్లు అంటించే మైదా లెక్క ఉంది. ఆ మూడు వారాల్లో నేను తెలుసుకున్నదేమిటంటే, ఇంకా పలుచగా, చెంచా మీంచి జారుతున్నప్పుడే దించాలి. గిన్నెలో అదే గట్టిపడుతుంది. ఆ ముక్క కాగితంలో లేదు. చదువుకున్న వాళ్ళకు అట్లాంటివి పట్టవు.

ఆ రోజు యాదయ్య ఆ మైదా ముద్దను మారు మాట్లాడకుండా తిన్నాడు. నేను కంచం పెట్టి అన్నం, చుక్కకూర పప్పు వడ్డించాను.

“తిన్న గదనే” అన్నాడు.

“ఏం తిన్నవ్?”

“గిదే.”

“దాన్ని తినుడంటరా? అది తాగినవ్. ఇగ కూసొని తిను.”

“వద్దు. చాలు.”

చాలట. గంజినీళ్ళ మీద మగవాడు బస్సు నడుపుతాడట. నేను అన్నం గిన్నె మీద మూత పెట్టి, నా కంచం గోడ పక్కన బోర్లించాను. ఆయన తినకుండా నేను ముద్ద ముట్టను. పెండ్లయిన కాడినుంచి అంతే, జ్వరమొచ్చినా అంతే. ఆయన బోర్లించిన కంచం వైపు చూసి చెప్పులేసుకుని పోయాడు. పొద్దుగూకే వేళకు వచ్చేసరికి ఆ కంచం అక్కడే ఉంది. చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు.

“పెట్టు” అన్నాడు.

ఓట్స్ తాగించి, దాని వెనక అన్నం పెట్టాను. ఆయన తిన్నాక నేనూ తిన్నాను. ఆ తర్వాత ఇంట్లో ఆ గొడవే లేదు. పొద్దున ఓట్స్, పది నిమిషాలాగి అన్నం. రాత్రి ఓట్స్, పది నిమిషాలాగి అన్నం. పగటికి కాగితంలో ఉన్నట్టే రెండు రొట్టెలు డబ్బాలో పెట్టాను. ఆ జావ తాగిన కడుపు నీరసిస్తుందని, బస్సులో యాభై మంది ఉంటారు, కళ్ళు తిరిగితే ఎట్లా అని పొద్దున అన్నం ఒక గరిటె ఎక్కువే వేశాను. ఒక్క పూట ఓట్స్ తప్పలేదు. సిల్వియా గోడ మీంచి “ఓట్స్ పెడుతున్నరా పెద్దమ్మా” అని అడిగితే, ఖాళీ పాకెట్లు ఎత్తి చూపించాను.

పన్నెండో రోజు బెల్టు ఒక రంధ్రం వదులు చేసి పెట్టుకున్నాడు. నా కళ్ళు ఊరుకుంటాయా? ఇంత కష్టపడి కాచి పోస్తుంటే ఈయన ఎక్కడో మెక్కుతున్నాడు. ఎక్కడో కూడా నాకు తెలుసు. పాల్మాకుల పోయే దారిలో రాములు మిర్చి బండి ఉంది. డ్యూటీ దిగి దాని ముందు నుంచే వస్తాడు. ఆటో ఎక్కి పోయి రాములును నిలదీశాను.

“అన్న నా బండికాడికి రాక పదిహేను రోజులైందక్కా. దూరంకెల్లి చెయ్యూపి పోతుండు” అన్నాడు.

మిర్చీలు అమ్ముకునేవాడు నిజం చెబుతాడా? నేను నమ్మలేదు. ఆ సాయంత్రం యాదయ్య గేటు తీయగానే వాకిట్లోనే అడిగాను, గల్లీ మొత్తం వినేటట్టు. నాలుగు రోజులు నోరు కట్టుకోలేని మనిషివి స్టీరింగ్ ఏం కట్టడి చేస్తావు అన్నాను. పొయ్యి ముందు నేను మాడుతుంటే బండి ముందు నువ్వు మిర్చీలు నములుతున్నావు అన్నాను. అవతలి ఇంటి వాళ్ళు టీవీ గొంతు తగ్గించారు.

“బయట ఏం తినలేదే” అన్నాడు.

“మరి నడుమెట్ల పెరిగింది? గాలికి పెరిగిందా?”

 ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి పోయి కూర్చున్నాడు.

“ఓట్స్ పెట్టు” అన్నాడు.

మూడు వారాలకు పరీక్ష చేశారు. రెండు వందల ముప్పై. ఆ సాయంత్రం ఆయన మెడలో పాస్ లేదు. పద్నాలుగేళ్ళ తాడు, చొక్కా మీద దాని గీత పడి ఉంది. ఆరు నెలల దాకా మళ్ళీ పరీక్షకు రానివ్వరట. నాకు ఒళ్ళు మండిపోయింది. గోడ దగ్గరికి పోయి సిల్వియాను పిలిచాను.

“ఏం కాగితం రాసిచ్చినవ్ బిడ్డా? మూడు వారాలు గొడ్డు చాకిరీ చేసిన. రెండు పూటలా పెట్టిన. తగ్గకపోగ పెరిగింది. గీ గుర్రం దాణాతోని మనుషులకు బాగైతదని మీకెవరు చెప్పిన్రు?”

ఆ పిల్ల కోప్పడలేదు. “ఓట్స్ తాగినంక ఏం తింటుండు పెద్దమ్మా?” అంది.

“ఏం తింటరు? అన్నమే తింటరు.”

“రోజూనా?”

“అన్నం తినని రోజుంటదా?”

సిల్వియా గోడ మీద చేతులు పెట్టి నెమ్మదిగా చెప్పింది. “అన్నం మానేసి ఓట్స్ తాగాలె పెద్దమ్మా. రెండూ గాదు.”

లోపలికి వచ్చి కాగితం తీసి చూశాను. అన్నం మానేయమని అందులో ఎక్కడా లేదు. ఆ ఒక్క సాకు పట్టుకుని ఆ పిల్లను ఇంకో నాలుగు తిట్టొచ్చు. కానీ ఆ మాట రాయాలని ఎవరికి మాత్రం తోస్తుంది? మొదటి రోజే ఆయన చాలన్నాడు. ఆ మాట నా చెవిన పడింది కూడా.

యాదయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“నీకు తెల్వదా, రెండూ తినొద్దని?” అన్నాను.

“తెలుసు.”

“మరెందుకు తిన్నవ్?”

“నువ్వు తిననీకి” అన్నాడు. “మొదటిరోజు పొద్దుందాక పస్తున్నవ్. మూడు వారాలు పస్తుంటవా?”

ఆ మనిషిని నేను గల్లీ నడుమ నిలబెట్టి మిర్చీల దొంగను చేశాను. రాములును కూడా దొంగను చేశాను. గుర్రం దాణా అని, పొట్టు అని, మైదా అని ఎన్ని పేర్లు పెట్టానో. ఆయన స్టీరింగ్ పోగొట్టింది మాత్రం నా చేతి గరిటె. నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ పనికి కూడా నాకు ఆయన మీద కోపమే వచ్చింది.

తెల్లారి బియ్యం డబ్బా తీయలేదు. రెండు గిన్నెల ఓట్స్, నాలుగు గిన్నెల నీళ్ళు, రెండు చిటికెల ఉప్పు. చెంచా మీంచి జారుతున్నప్పుడే దించాను. ఒక గిన్నె ఆయన ముందు పెట్టి, ఒకటి నేను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ట్రాలీల వాళ్ళకిచ్చే పచ్చ జాకెట్ వేసుకుని ఉన్నాడు, భుజాల దగ్గర వదులుగా ఉంది.

అంతవరకూ నేను దాని రుచి చూడలేదు. మూడు వారాలు కాచాను, తిట్టాను, ఒక్క చెంచా నోట్లో పెట్టుకోలేదు.

“ఎట్లున్నది?” అన్నాడు.

“ఛీ” అన్నాను. “గిదెట్ల తిన్నవయ్యా.”

గిన్నె అడుగు దాకా తిన్నాను. గోడ అవతల సిల్వియా డ్యూటీకి బయల్దేరుతూ, రోజూ అడిగినట్టే, “తిన్నరా పెద్దమ్మా?” అని కేకేసింది. యాదయ్య బూటు లేసు కట్టుకుంటున్నవాడు ఆగి, నేనేమంటానో అని నా వైపు చూశాడు.

“తిన్నం బిడ్డా” అన్నాను.