మడ్‌గార్డు మీద మూడో సున్నా

కొయ్య సుత్తితో మూడు దెబ్బలు వేసి శివయ్య చేయి నిలిపాడు. నాలుగోది వేయాలా వద్దా అన్నది అరచేయి చెప్పాలి. సొట్టలు తీసే డెంటర్‌కు కళ్ళకంటే చేయి ముఖ్యం. రేకు మీద అరచేయి జార్చితే ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ లొత్తపడిందో తెలిసిపోవాలి. శివయ్య జార్చాడు. ఏమీ తెలియలేదు. రెండేళ్ళుగా అతని రెండు చేతులకూ వేడీ చల్లనా, నునుపూ గరుకూ అన్నీ ఒకటే.

చుట్టూ చూశాడు. షెడ్డు యజమాని బాబురావు గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. శివయ్య రేకు వాటం చూస్తున్నవాడిలా వంగి మడ్‌గార్డుకు చెంప ఆనించాడు. చెంపకు కాస్త తెలుస్తుంది. కానీ రోజంతా బండికి చెంప ఆనిస్తూ కూర్చుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. మిగతాది మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు భార్య చంద్రమ్మే చూడాలి.

పాతబస్తీ జహనుమాలోని ఆ రేకుల షెడ్డులో ఇరవై నాలుగేళ్ళుగా శివయ్య చేతికి వచ్చినవన్నీ అంబాసిడర్లే. పాత బండికి కొత్త మోడల్ ముఖం పెట్టడం అతని ప్రత్యేకత. ముందుభాగం రేకు కోసి, సాగగొట్టి, ఇంజను ముందుండే జాలీ కొత్తది కూర్చోబెడతాడు. ఊడదీసిన పాత జాలీలు గోడకు వేలాడుతుంటాయి. అతని బతుకులోని ఏళ్ళు క్యాలెండర్లో కంటే ఆ గోడ మీదే బాగా తెలుస్తాయి. మొదటి మోడల్ రోడ్డెక్కిన ఏడు చంద్రమ్మ కాపురానికి వచ్చింది. చిన్న గళ్ళ జాలీతో మార్క్ టూ తిరుగుతున్న రోజుల్లో కొడుకు పుట్టి, నడక రాకముందే పోయాడు. మళ్ళీ పిల్లలు కలగలేదు. అడ్డపట్టీలతో మార్క్ త్రీ వచ్చాక అరచేతులు తిమ్మిరెక్కడం మొదలైంది. జాలీ చిన్నదై, పక్కదీపాలు విడిగా పెట్టుకుని మార్క్ ఫోర్ వచ్చిన మరుసటి ఏడు పూర్తిగా మొద్దుబారాయి. బండికి ఎన్ని ముఖాలు మారినా పైకప్పూ, తలుపులూ, వెనక ఒంపూ అవే. శివయ్యే అరిగిపోయాడు. ఆ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు.

తెలియకూడదు కూడా. పోయినేడు ప్రకాశం అనే డెంటర్‌కు చూపు తగ్గిందని బయటపడ్డ మర్నాడే బాబురావు పంపించేశాడు. ప్రకాశం ఇప్పుడు ఉప్పుగూడ స్టేషన్ మెట్ల మీద కూర్చుంటాడు. తెలిసినవాళ్ళు కనిపిస్తే తల తిప్పుకుంటాడు.

ఇవాళ్టి బండి మలక్‌పేటలో ఉండే వెంకటనారాయణగారిది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసరైన మనిషి. పదహారేళ్ళ కిందట కొన్న ఈ మార్క్ టూ మీద ఆయనకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. ఈ మధ్య తోడల్లుడు మార్క్ ఫోర్ కొన్నాడు. అప్పట్నుంచి పాపం ఆయనకు నిద్ర లేదు.

పొద్దున ఆయనే స్వయంగా వచ్చి చెప్పాడు. "ఏమయ్యా శివయ్యా, సాయంత్రానికి రేకు పని అయిపోవాలి. ఇది పాత బండని మా తోడల్లుడు కనిపెట్టకూడదు సుమా!"

"మా శివయ్య చెయ్యి పడ్డదంటే కొత్త బండే అనుకోండ్రి సార్," అన్నాడు బాబురావు. శివయ్య ఆ చేతులను మసిగుడ్డలో తుడుచుకుంటున్నట్టు దాచుకున్నాడు.

మధ్యాహ్నం బాబురావు అన్నానికి ఇంటికి వెళ్ళాడు. షెడ్డులో శివయ్య ఒక్కడే మిగిలాడు. చంద్రమ్మ ఉప్పుగూడ నుంచి మే నెల ఎండలో నడుచుకుంటూ వచ్చి, టిఫిన్ గిన్నె కింద పెట్టి, చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఆమె బీడీలు చుడుతుంది. ఇరవై ఏళ్ళ ఆ పని తంబాకు దుమ్ముతో ఊపిరిని పాడుచేసింది గానీ వేళ్ళకు ఎక్కడలేని తెలివిచ్చింది. ఆకులోని ఈనె ఎంత సన్నదైనా చూడకుండానే పట్టేస్తుంది. రెండేళ్ళ కిందట ఒకరోజు భర్త ఏడుపు మొహం చూసి, తనే బండి మీద చేయి వేసి చూసింది. ఆనాటి నుంచి ఈ షెడ్డులోంచి వెళ్ళిన ప్రతి బండినీ ఆమె వేళ్ళే పాస్ చేశాయి.

కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసింది. మడ్‌గార్డు మీద అరచేయి మెల్లగా జార్చుతూ రెండు చోట్ల సున్నాలు చుట్టింది.

"గీడ ఉబ్బున్నది. గీడ జర లోపలికి పోయింది." ఇంకా కిందికి వెళ్ళి మూడో సున్నా చుట్టింది. "ఇది చింతగింజంతనే. అయినా తియ్యి, రంగు పడితె కనవడతది."

"దమ్ము ఎక్కువైందా?" ఆమె ఆయాసం చూసి అడిగాడు శివయ్య.

"ఎండకు గిట్లైంది. నువ్వు పని చూస్కో." అని రెండడుగులు వేసి బండి తలుపు పట్టుకుంది. "జర లోపల కూసుందునా అయ్యా? నిలవడ చాతనైతలేదు."

ఇన్ని బండ్ల మీద చేయి వేసిందే గానీ చంద్రమ్మ ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. శివయ్య గేటు వైపు చూసి, వెనక తలుపు తీశాడు.

"కూసో. కాళ్ళు బయటనే పెట్టుకో. సార్‌ది తెల్ల కవరు, ఖరాబైతది."

ఆమె సీటు అంచున కూర్చుని, కాళ్ళు నేల మీదే ఉంచి, వెనక్కి వాలింది. "లోపల గింత మెత్తగుంటదా!" అంది.

శివయ్య మొదటి సున్నా దగ్గర పని పట్టాడు. రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి చిన్న చిన్న దెబ్బలు వేశాడు. అది అయ్యాక రెండోది. అరగంట పట్టింది. "రెండయినయ్. వచ్చి చూడు," అని కేకేశాడు. పలకలేదు. అలిసిపోయి నిద్రపోయిందనుకున్నాడు. ఇంకోసారి పిలిచి, సుత్తి బానెట్ మీద పెట్టి వెళ్ళాడు.

తల సీటు మూలకు వాలి ఉంది. సుద్దముక్క వేళ్ళ మధ్యే ఉంది. శివయ్య ఆమె నుదుటి మీద అరచేయి పెట్టాడు. ఏమీ తెలియలేదు. మణికట్టు పట్టుకున్నాడు. మనిషిదో, రేకుదో కూడా తెలియలేదు. వంగి ఆమె చెంపకు చెంప ఆనించాడు. వేడిగానే తగిలింది. కానీ ఆ షెడ్డులో తలుపూ, సీటూ, గాలీ అన్నీ కాలుతున్నాయి. ఆ వేడి ఆమెదో, ఎండదో అతనికి అర్థం కాలేదు.

అప్పుడే బాబురావు తిరిగొచ్చాడు.

"సేట్, జర చెయ్యి పెట్టి చూడు. పాణమున్నదా? నాకు తెలుస్తలేదు."

"తెలుస్తలేదంటే ఏంది? నాడి పట్టుకో!"

"నా చేతులు సచ్చుబడ్డయి సేట్. రెండేండ్లాయె. ఇన్ని దినాలు ఆమెనే చూస్తున్నది." రెండేళ్ళు పళ్ళ బిగువున దాచిన మాట ఒక్క గుక్కలో బయటికొచ్చేసింది. "నువ్వు చూడు సేట్, నీ కాల్మొక్త."

బాబురావు ఆమె మెడ మీద వేళ్ళు పెట్టాడు. ముక్కు దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచి, తల మీది రుమాలు తీసేశాడు.

"పోయింది శివయ్యా."

మూల మీది డాక్టరును పిలుచుకొస్తే ఆయనా అదే చెప్పాడు. ముందు జాలీ లేకపోయినా బండి నడుస్తుంది. ఆమెను ఇంటికి చేర్చడానికి బాబురావే స్టీరింగ్ పట్టుకున్నాడు. శివయ్య వెనక ఎక్కి, ఆమె కాళ్ళు లోపలికి తీసి సీటు మీద పెట్టాడు. పాదాల మట్టి తెల్ల కవరుకు అంటుకుంది. కాళ్ళు బయట పెట్టుకోమన్న మాట గుర్తొచ్చి శివయ్యకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఏడ్చాడు. మట్టి మాత్రం తుడవలేదు.

ఉప్పుగూడ గల్లీలో ఇరుగుపొరుగు ఆమెను లోపలికి మోసుకెళ్ళారు. బాబురావు బండి దగ్గరే నిలబడిపోయాడు. ఏం చేయాలో తోచక మడ్‌గార్డు మీద చేయి వేశాడు. శివయ్య తీసిన రెండు చోట్లా నున్నగా ఉంది. మూడో సున్నా లోపల వేలు అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పితే తగిలింది, చింతగింజంత ఉబ్బు. ఇన్నేళ్ళ పనిలో తనైతే దాన్ని పట్టేవాడు కాదు.

శివయ్య గడప దగ్గరికొచ్చి చూశాడు. "రేపు..." అని మొదలుపెట్టి బాబురావు ఆపేశాడు. శివయ్య తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక షెడ్డుకు రావలసిన పని లేదని ఇద్దరికీ తెలుసు.

అక్కడి నుంచి బండి తీయడానికి మనసు రాక బాబురావు రిక్షా పిలుచుకుని వెళ్ళాడు. ముఖం లేని బండి సాయంత్రం దాకా ఆ గుమ్మం ముందే ఉంది, మడ్‌గార్డు మీద చంద్రమ్మ చుట్టిన మూడో సున్నాతో.