ఆమేన్ దాటిన ప్రార్థన

బోగోలు దగ్గర ఆ రేవు ఊరి సంఘంలో జడ్సన్‌ని మించిన ప్రార్థనాపరుడు లేడని పేరు. ఆమేన్ అయి అందరూ లేచినా అతను మాత్రం వంచిన తల ఎత్తడు. "ఆత్మలో ఉండాడు, కదిలించబాకండి" అని పాస్టరు జీవానందం గారే అందరినీ వారించేవారు.

భార్య కరుణాకుమారికి మాత్రం ఒక సందేహం లోలోపల తొలిచేది. ఇంత భక్తుడికి ఇంట్లో పైకప్పు లేచిపోయే గురకేమిటి? గురకైనా నయం, మధ్యలో ఊపిరే ఆగిపోతుంది. ఈమె పై ప్రాణాలు పైనే పోతాయి. అంతలో గుటక వేసినట్టు ఓ చప్పుడు, మళ్లీ గురక.

ఒక ఆదివారం ఉండబట్టలేక, ఆడవాళ్ల చాప వదిలి మొగుడి వెనక స్తంభం పక్కన చేరి చెవి రిక్కించింది. ఆమేన్ అయింది. ఊపిరి ఆగింది. గుటక పడింది. ఇంట్లో వినే గుటకే! ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. రోజూ రేవుకి ఐసు ఆటో తోలేది ఈ మనిషే కదా! మొన్న పట్టపగలే కల్వర్టు గోడకి రాసుకుంటూ పోయాడు.

"నువ్వు ప్రార్థనలో నిద్రపోతా ఉండావయ్యా."

"నిద్ర కాదే. తెల్లటి మబ్బులోకి పోతా. ఆయన ఆడ ఉంటాడు," అన్నాడు జడ్సన్. అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే నమ్మాడు.

పోరి పోరి నెల్లూరు తీసుకెళ్లింది. ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి పడుకోబెట్టారు. నిద్రలో గొంతు మూసుకుపోయి గాలి ఆడటం లేదని డాక్టరమ్మ తేల్చింది. ముక్కుకి మాస్కు పెట్టి గాలి నెట్టే మిషన్ రాసిచ్చింది. మొదట మాస్కు పక్కల నుంచి గాలి బయటికొచ్చి కళ్లు మండాయి. చిన్న సైజు మార్చాక కుదిరింది. కొన్నాళ్లకే ఆటోలో కునికిపాట్లు పోయాయి.

కానీ చర్చిలో, ఆమేన్ అనగానే అందరితో పాటే కళ్లు తెరిచాడు. మొహం మాడిపోయింది.

"మబ్బు రాలేదు కరుణా. ఆ మిషన్ ఆయన్ని నాకు దూరం చేసింది. తిరిగిచ్చేస్తా."

"ఇంకొక్క ఆదివారం చూడయ్యా," అని బతిమాలింది. మెలకువగా ఉన్న మొగుడికి ప్రార్థనలో ఏం దొరుకుతుందో తెలుసుకోవాలని ఆమెకీ ఉంది.

ఆ ఆదివారం అందరూ ఎవరి మొర వాళ్లు పైకే పెట్టుకుంటున్నారు. కరుణాకుమారి ఒక కన్ను తెరిచి అతన్నే చూస్తోంది. మబ్బు కోసం కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆమె పక్కనే కూతురు మెర్లిన్ గొంతెత్తింది.

"తండ్రీ, మా నాన్న ఊపిరి ఆగనీబాక. రోడ్డు మీద మా నాన్నకి తోడుండు."

జడ్సన్ ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

ఇంటికొచ్చే దారిలో అడిగాడు. "పాప ఎప్పటి నుంచి ఇట్టా అడగతా ఉంది?"

"ప్రతి ఆదివారం. నీకు వినపడేటట్టే."

"నేనెప్పుడూ వినలేదే..."

అతను రోడ్డు మీదే నిలబడి ఏడ్చాడు.

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతూ మాస్కు తనే తీసుకున్నాడు. "పాపా, ఈ పట్టీ కొంచెం బిగించమ్మా," అని మెర్లిన్‌ని పిలిచాడు.