ఎడమవైపు గిన్నె

అక్టోబరు పదకొండు. ఆ రోజు కాల్చిన సాల్మన్ చేప, ముల్లంగి వేసి మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన పులుసు, కొత్తబియ్యం అన్నం. తమెజోకు తేదీతో సహా గుర్తుంది. పక్కింటావిడ హిసాయో ఎదుట తన భార్య కినుయేను అతను చిన్నబుచ్చింది ఆ రోజే.

కినుయే ఆసుపత్రి నుంచి వచ్చి మూడు వారాలైంది. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు గానీ నడక వచ్చింది, మాటకైతే లోటే లేదు. అయినా రోజూ పళ్ళెంలో కుడివైపున్న పులుసు, చేప తిని, ఎడమవైపున్న అన్నం ముట్టకుండా లేచేది. అన్నం ఎడమ, పులుసు కుడి. ఆ జపాను పల్లెలో ఎవరింట్లోనైనా అంతే.

"నా పొలంలో పండిన బియ్యం. నలభై రెండేళ్ళు గింజ వదలకుండా తిన్నావు. ఇప్పుడు చేదైందా?" అన్నాడు తమెజో.

"పెడితేగా తినడానికి," అంది కినుయే.

హిసాయో నవ్వింది. తమెజోకు తల కొట్టేసినట్టయింది. "చూశావా వదినా, ఎదురుగా ఉన్న గిన్నె లేదంటోంది. నా వంటంటే అంత వెటకారం." గిన్నె తీసుకెళ్ళి అన్నమంతా కోళ్ళకు వేశాడు.

సాయంత్రాలూ అదే వరస. వరండాకున్న, పక్కకు జరిపే చెక్క తలుపుల్లో కినుయే కుడివైపుది మూసి, ఎడమవైపుది వదిలేసేది. అతను వెళ్ళి ఆమెకు వినబడేలా ధడాలున మూసేవాడు.

నెలాఖరున, చేతికి కసరత్తు చేయించే కురాషినా అనే అమ్మాయి వచ్చి గడియారం బొమ్మ గీయమంది. కినుయే పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే కుక్కింది.

"కళ్ళు బాగానే ఉన్నాయి తాతగారూ. ఎడమ పక్కన ఏముందో పట్టించుకునే పని మెదడులో కుడిభాగానిది. దెబ్బ అక్కడ తగిలింది. బామ్మగారికి ఎడమవైపు లేనట్టే."

"మరి నన్ను ఎత్తిపొడవడం?"

"మాట చాలామందికి ఎడమభాగంలో ఉంటుంది. అది చెక్కుచెదరలేదు."

"ఆయన ఖర్మ," అంది కినుయే.

తమెజో నవ్వలేకపోయాడు. ఇదంతా ఆసుపత్రివాళ్ళు రాసి ఇచ్చారు. ఆమెను ఇంటికి తెచ్చిన రోజు వరికోత. కాగితాలు మడిచి సొరుగులో పెట్టి, ఇంతవరకూ విప్పలేదు.

ఆ సాయంత్రం అన్నం గిన్నెను పులుసుకు అవతల, కుడి అంచున పెట్టబోతే చెయ్యి ఆగింది. అలా తారుమారుగా పెట్టేది చనిపోయినవాళ్ళకు. అయినా పెట్టాడు.

కినుయే గిన్నె వంక చూసింది. "పోయాననుకున్నారా?"

"కాదు. నెల నుంచీ నీకు కనబడని చోట పెట్టి, తినలేదని తిట్టాను. కోళ్ళకు వేశాను." తల ఎత్తలేకపోయాడు. "తప్పు నాది. రేపు హిసాయో దగ్గరికి వెళ్ళి చెప్తాను."

గిన్నె అడుగు కనిపించేదాకా ఆమె తింది. "కోళ్ళు బాగానే తిన్నాయన్నమాట," అని గిన్నె ముందుకు చాచింది. "ఇంకొంచెం పెట్టండి. రేపు నేనూ వస్తాను. నాకు కుడి పక్కన నడవండి."

చీకటి పడుతుండగా ఆమె ఎప్పటిలాగే కుడి తలుపు మూసి వచ్చి కూర్చుంది. అతను లేచి వెళ్ళి, రాపిడి చప్పుడు కాకుండా ఎడమ తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా మూశాడు.